యాసకి పడిపోయిన మా బావ

మా బావ శ్యామసుందరరావు రైల్వే పార్సిలు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. లోకంలో ఎవడి మీదా ఆయనకి నమ్మకం లేదు. కూరగాయలోడు తూకమేస్తే, ఆ గుండు తిరగేసి సూస్తాడు. ఒడియాలో గాని హిందీలో గాని ఫోనొచ్చిందా, అవతలోడు పేరు సెప్పకముందే తిట్టి ఫోన్ పెట్టేస్తాడు.

అదే ఫోన్లో మన సిక్కోలు యాస ఇనబడిందనుకోండి, మనిషి ఎన్నలా కరిగిపోతాడు. ఒడిశా బరంపురంలో పుట్టి, అక్కడే హల్దియాపదర్‌లో ఇల్లు కట్టుకున్నోడికి ఆ యాస మీద అంత మోజు ఏటో నాకర్థం కాదు.

పెన్షనోళ్ళు బతికున్నామని కాయితం ఇచ్చే నవంబరులో ఒకడు ఫోన్ సేసేడు. "బాగున్నారా బాబూ? పెన్షనాఫీసు నుంచండి. లైఫ్ సర్టిఫికెట్ కోసం మీరు ఎండలో ఎల్లక్కర్లేదు, ఇంటికాణ్ణుంచే అయిపోద్ది" అన్నాడు.

"మీదేవూరు నాయనా?"

"టెక్కలి పక్కనండి."

అంతే. బావ ఆధార్ నంబరు సెప్పేడు, పాన్ నంబరు సెప్పేడు, ఫోన్‌కొచ్చిన ఓటీపీలన్నీ వరసగా సదివి ఇనిపించేడు. సివర్న "ఇటేపొస్తే మా ఇంట్లో భోంచేసి ఎల్లు" అన్నాడు. దొంగని భోజనానికి పిలిసిన మహానుభావుడు మా బావొక్కడే.

ఆయన కూతురు అంజలికి సొంతంగా రక్తపరీక్షల ల్యాబు పెట్టాలని ఆశ. ఆస్పత్రి ల్యాబులో పనిసేసి పని నేర్సుకుంది. ఆ ఫోనొచ్చిన కొన్ని నెల్లకి బజార్లో గది సూసుకుంది. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు గది యజమాని. బ్యాంకు అప్పుకి ఇంకొకరి హామీ సంతకం కావాలన్నారు. అంజలి వాళ్ళమ్మ, అంటే మా అక్క లక్ష్మీకుమారి, బడిలో టీచరు, నేను పెడతానంది. "ఇంటికి పెద్దని నేనుండగా ఆడదాని సంతకమేటి?" అని బావ ఎగిరిపడ్డాడు.

బ్యాంకు మేనేజరు బావ క్రెడిట్ రిపోర్టు తీసేడు. మన పేర్న ఎక్కడెక్కడ అప్పుందో, సరిగ్గా కడుతున్నామో లేదో అందులో ఉంటాది. బావ పేర్న ఫోన్ యాపుల్లో తీసిన అప్పులు, వాటి పక్కన ఒక మోటారుసైకిలు అప్పు. ఒక్క వాయిదా కట్టలేదు. మా బావకి సైకిలు తొక్కడం కూడా రాదు.

"ఇవి నావి కావు" అన్నాడు బావ.

"మీ ఓటీపీలతోనే తీసుకున్నారు సార్. ఈ రిపోర్టుతో మీ హామీ చెల్లదు" అన్నాడు మేనేజరు.

అంజలి ఏడుపు ఆపుకోడానికి కిందపెదవి కొరుక్కుంది.

తర్వాత బావని నేనే ఎంటబెట్టుకు తిరిగేను. సైబర్ పోలీసులకి ఫిర్యాదు, రిపోర్టు కంపెనీకి ఫిర్యాదు, అప్పిచ్చిన ప్రతోడికీ ఫిర్యాదు. ఆ రిపోర్టు ఏడాదికోసారి ఊరికే సూసుకోవచ్చు బావా, సూసుంటే అప్పుడే పట్టుకునేవోడివి కదా అన్నాను. "అప్పు సెయ్యనోడికి రిపోర్టెందుకు?" అన్నాడు. ఆ తెలివికి దణ్ణం పెట్టాలి.

నెలాఖరొచ్చింది. తప్పుడు అప్పులు రిపోర్టులోంచి ఇంకా పోలేదు. అంజలి వాళ్ళమ్మని తీసుకుని మళ్ళీ బ్యాంకుకి బయల్దేరింది. బావ ఇస్త్రీ సొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనూ ఒస్తాను. నేనేటి సెయ్యాలో సెప్పమ్మా."

అంజలి సెప్పులేసుకుంటా తలెత్తకుండానే అంది. "నువ్వు ఇంట్లో ఉండు నాన్నా. ఫోనొస్తే ఎత్తకు. అది సాలు."

వెక్కిరిద్దామని నోరు తెరిసినోణ్ణి, కుర్సీ లాగి బావ ముందు పెట్టేను. బావ సొక్కా ఇప్పి కొక్కేనికి తగిలించి, లుంగీ కట్టుకుని కూకున్నాడు.