బీరు తేరిన రోజు

రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి. మేం సింగపూర్‌లో చోవా చూ కాంగ్‌లో ఉంటాం. ఇక్కడ మాకు పెద్దదిక్కు కింది ఫ్లాట్ అంకుల్ ఒక్కరే. ఆయన నీచు ముట్టరు గానీ బీరు తాగుతారు. మా ఆయన ఇంట్లో చేసే బీరు మడ్డిగా ఉంటోందని, ఆ వారం చేప తిత్తి పొడి (చేప పొట్టలోని గాలితిత్తిని ఎండబెట్టి చేసేది) కలిపి తేర్చారు.

ఆదివారం మా ఇంటికొచ్చి, సగం గ్లాసు తాగి అంకుల్, "ఇంత తేటగా ఎట్టా వచ్చిందోయ్!" అన్నారు.

నేను సంబరంగా, "చేప తిత్తి పొడి అంకుల్! మడ్డంతా అడుక్కి దిగిపోద్ది," అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "ముందే చెప్పాలి కదమ్మా..."

బాత్రూంలో ఆయన కక్కుకుంటుంటే మేమిద్దరం తలుపు బయట నిలబడిపోయాం.

మళ్లీ ఆయన మా ఇంటికి రాలేదు. లిఫ్టులో కనబడితే తల పంకిస్తారు, అంతే. మొన్న పాపకి జ్వరమొస్తే ఆయన నంబరు తీశాను గానీ, ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు.