కుట్టేసిన జేబు

ఒట్టు వేయకూడదని మాకు చర్చిలో చిన్నప్పటి నుంచీ నేర్పారు. అందుకని వేయను. నా నోట ఎప్పుడైనా అబద్ధం వచ్చిందని ఎవరైనా చూపిస్తే, ఇది కూడా అబద్ధమే అనుకోండి. ఐదో తరగతి దాటినదాన్ని కాదు. కథలు అల్లడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అమ్మాయి సునీత జర్మనీలో, ఫ్రైబర్గ్ అనే పాత గనుల ఊళ్లో, యూనివర్సిటీలో పని చేస్తుంది. అల్లుడికి డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం. శని ఆదివారాలే ఇంట్లో ఉంటాడు. మనవరాలు షారోన్‌కి ఐదో ఏడు. దాన్ని కీటా నుంచి, అంటే చిన్నపిల్లల బడి నుంచి, తీసుకురావడం నా పని.

చలికోటు కొత్తది కొంటామంటే నేనే వద్దన్నాను. పాత సామాన్ల సంతలో గోధుమరంగు ఉన్ని కోటు దొరికింది. మోకాళ్ల కింది దాకా ఉంటుంది. దుప్పటంత బరువు.

"ఎవరో చచ్చిపోయినావిడదై ఉంటుందమ్మా. ఎలా వేసుకుంటావు?" అంది సునీత.

"ఆవిడకిప్పుడు చలి లేదు. నాకుంది," అన్నాను.

దాని కుడి జేబు లోపలి గుడ్డ చిరిగిపోయి ఉంది. ఒకసారి ఇంటి తాళంచెవి అందులోంచి అస్తరులోకి జారిపోయి, ఇల్లంతా వెతికించింది. ఆ రోజే రెండు పేటల దారంతో జేబు మూతి కుట్టేశాను. నేను కుట్టానంటే బ్లేడు పెట్టి కోస్తే తప్ప ఊడదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఎడమ జేబు చాలు నాకు. బయలుదేరేముందు రాళ్ల ఉప్పు పెనం మీద వేయించి, పాత చీర ముక్కలో మూటగట్టి అందులో వేసుకునేదాన్ని. చేతులకు అల్లుడి పాత ఉన్ని మేజోళ్లు. సునీత సిగ్గుపడేది. నా వేళ్లు మాత్రం వెచ్చగా ఉండేవి.

ఒక రోజు... షారోన్‌ని బడి నుంచి తీసుకుని వస్తుంటే బస్సు రాలేదు. మంచు మరీ ఎక్కువై ఆపేశారని తర్వాత తెలిసింది. ఇక్కడ చలికాలం బడి వదిలేసరికే చీకటి. సునీతకు చెబుదామంటే చలికి ఫోన్ చచ్చిపోయింది. నిలబడితే ఇద్దరం గడ్డకట్టిపోతాం. పొలాల పక్క దారిన నడిపించుకుని బయలుదేరాను.

సగం దారి దాటాక చూశాను. పిల్ల చేతులకు తొడుగులు లేవు. బిస్కెట్ తినడానికి విప్పి, బస్టాపు బల్ల మీదే వదిలేసింది. నా మేజోళ్లు ఇద్దామంటే, ఆ బల్ల మీది మంచు దులిపినప్పుడు అవి తడిశాయి. అట్టల్లా బిగుసుకుపోయాయి.

ఒక చెయ్యి దాని జాకెట్ జేబులో పెట్టించాను. రెండోది నేను పట్టుకోకుండా వదిలేస్తే జారి పడుతుంది. నా ఎడమ జేబులో, ఉప్పు మూట మీద పెట్టించాను.

మూట చల్లారిపోయింది. రాయిలా ఉంది.

"నొప్పి, అమ్మమ్మా..." అని ఏడ్చింది. నడవమని కసిరాను. ఎత్తుకుంటే నాలుగు అడుగులకే మోకాలు మడత పడింది. మళ్లీ దించాను. కాసేపటికి ఏడుపు ఆగింది... అదే నాకు భయం వేసింది. చలికి నొప్పి తెలియడం మానేస్తే వేళ్లు పోతాయని సునీత ఎన్నోసార్లు చెప్పింది.

గాలి ఎడమ నుంచి కొడుతోంది. నా ఒళ్లు అడ్డం పెడదామని పిల్లను కుడివైపుకు మార్చాను.

"ఈ వైపు జేబు లేదు. కోటు పట్టుకుని నడువు తల్లీ," అన్నాను.

పక్కన పాత గని మట్టిదిబ్బ, నల్లగా. కింద మంచు చప్పుడు. కర్... కర్... ఇంకేం లేదు.

అప్పుడు పిల్ల అంది. మామూలు గొంతుతో.

"వార్మ్, అమ్మమ్మా. ఇక్కడ వార్మ్‌గా ఉంది."

వంగి చూశాను. మంచు వెలుగులో కనబడింది. దాని చెయ్యి... మణికట్టు దాకా... నా కుడి జేబులో ఉంది.

నేను కుట్టేసిన జేబులో.

కోటు గుడ్డలోంచి నా తొడకు వేడి తగులుతోంది. ఉడికిన దుంప వాసన, సన్నగా.

"లోపల ఏముంది షారోన్?"

"కార్టోఫెల్," అంది. బంగాళాదుంప. నేను బస్తాలకొద్దీ కొనే సరుకు, ఆ మాట నాకు తెలుసు. ఆగి, మళ్లీ అంది. "హాండ్ కూడా ఉంది. పట్టుకుంది."

చెయ్యి లాగేద్దామని నా చెయ్యి లేచింది... లేచి, ఆగిపోయింది. లాగితే మళ్లీ ఆ చలిలోకే కదా. ఎవరైతేనేం. పిల్ల చెయ్యి పట్టుకున్నారు.

"వదలకు," అన్నాను. పిల్లతో అన్నానో, ఇంకెవరితో అన్నానో చెప్పలేను. ప్రభువును తలుచుకుంటూ నడిచాను. కుడివైపు మళ్లీ చూడలేదు.

సునీత వీధి తలుపు దగ్గరే నిలబడి ఉంది. దీపం కింద పిల్ల చేతులు చూశాం. జాకెట్ జేబులో పెట్టినది సున్నంలా తెల్లబడింది. గోరువెచ్చని నీళ్లలో ముంచితే, చాలాసేపటికి ఎర్రబడింది. దేవుడికి స్తోత్రం, వేళ్లన్నీ దక్కాయి. రెండోది... పక్కలోంచి లేచిన పిల్ల చెయ్యిలా వెచ్చగా ఉంది.

కోటు చూశాను. కుట్టు కుట్టులాగే ఉంది. గోరు కూడా దూరలేదు.

"నీ కోటుకీ స్వెటర్‌కీ మధ్య పెట్టుంటుందమ్మా," అంది సునీత.

అయ్యుండొచ్చు. కానీ బొత్తాలన్నీ పెట్టే ఉన్నాయి.

మర్నాడు కింది ఇంటి ముసలావిడ హెల్గాకు సునీత చేత చెప్పించాను. ఆవిడ నవ్వలేదు. తన చిన్నప్పుడు బడికి వెళ్లేముందు వాళ్లమ్మ ఉడికిన దుంపలు వేడివేడిగా కోటు జేబుల్లో వేసేదట. దారంతా చేతులకు కాపడం, బడిలో తిండి. ఈ కోటు ఎవరిదో మాత్రం తెలియదంది.

దయ్యమందామంటే నోరు రాదు, మేలు చేసింది కదా. దేవదూత అందామంటే, దేవదూత దగ్గర దుంపల వాసన ఎందుకొస్తుంది? నాకు తెలియదు.

ఆ వారమే పిల్లకు మంచి తొడుగులు కొన్నాను, మెడకు తాడుతో. బేరం కూడా ఆడలేదు. కుడి జేబు కుట్టు విప్పాను. లోపల చిరిగిన గుడ్డ తప్ప ఏమీ లేదు. నా మెత్తటి చీర ముక్కతో కొత్త అస్తరు వేశాను. షారోన్ ఇప్పటికీ ఒక తొడుగు తీసి చెయ్యి అందులోనే పెడుతుంది. కోప్పడను. లోపల ఏముందని అడగను.

దండం పెడదామంటే ఎటు తిరిగి పెట్టాలో తెలియదు. అందుకే ఇంటికొచ్చి కోటు కొక్కేనికి తగిలించేటప్పుడు, కుడివైపు ఒకసారి నిమిరి వెళ్తాను.