వాలు నేల మీద పిండి మర

శనివారం పొద్దున ఎలిశబెతు నీళ్ల గొట్టం పట్టి తన స్థలానికి మట్టం చూసింది. పై మూలకీ కింది మూలకీ ఇరవై రెండు అంగుళాల తేడా వచ్చింది.

"ఇంకోసారి చూడక్కా," అన్నాడు పెంచలకృష్ణ మేస్త్రి.

"రెండుసార్లు చూసినా. గొట్టంలో నీళ్లు నీ మొహం చూసి మారవులే."

దొరవారిసత్రానికి అవతల, ఊరి చివర, కాలవ వైపు జారే మూడు సెంట్ల నేల అది. ఆమె భర్త పోయాక పంపకాల్లో మరిది యెహోషువ మెరక స్థలం తాను ఉంచుకుని దీన్ని ఆమెకు వదిలాడు. అక్కడ మేక కూడా కుదురుగా పడుకోదని ఊళ్లో నవ్వులాట. ఎలిశబెతు అక్కడే రేకుల షెడ్డు వేసి పిండి మర పెడతానంది. మర శుక్రవారం సూళ్లూరుపేట నుంచి లారీలో వస్తుంది. ఆలోగా నేల సిద్ధం కాకపోతే దించుకోవడానికి యెహోషువ వాకిలి తప్ప వేరే చోటు లేదు. అక్కడ దిగిన మర మళ్లీ కదలదు. ఆ సంగతి వదినకీ మరిదికీ ఇద్దరికీ తెలుసు.

"ఎందుకొదినా ఈ యాతన?" అన్నాడు యెహోషువ గట్టు మీద నుంచి. "మా వాకిట్లో పెట్టు. మా కోడలు మెర్లిన్ చూసుకుంటది. నువ్వు కుర్చీ ఏసుకుని కూర్చో."

"కూర్చుంటా. కుర్చీ కింద నేల నాదై ఉండాల."

మేస్త్రి లెక్క వేరు. కింది వైపు సిమెంటు దిమ్మెలు పేర్చి, వెనక ఇసుక పోసి, మోటారుతో నీళ్లు నింపితే ఇసుక దిగి గట్టిపడుతుందన్నాడు. ఆ చుట్టుపక్కల పొలాల్లో లేచిన ఇళ్లన్నీ అలా లేచినవే. ఎలిశబెతు ఒప్పుకోలేదు. ఆమె నాయన బిట్రగుంటలో రైలు పట్టాల గ్యాంగులో పనిచేశాడు. కట్ట మీద కంకర ఎలా కూర్చుంటుందో, వాన దాన్ని ఎక్కడ కోస్తుందో ఆమె చిన్నప్పుడే చూసింది.

"మట్టంగా ఉండే నేలలో నీళ్లు కిందికి దిగతాయి. ఇక్కడ పక్కకి పోతాయి, ఇసకని ఎత్తుకుని పోతాయి."

"ముప్పై ఇళ్లు కట్టినానక్కా."

"వాలు మీద ఎన్ని కట్టినావు?"

మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

మర్నాడు ఆదివారం. చర్చికి బయల్దేరేముందు యెహోషువ మేస్త్రి చెవిలో ఒక మాట వేశాడు. ఆరాధన అయ్యేలోపు దిమ్మెలు పేర్చి ఇసుక పోసి మోటారు వేసెయ్, పని అయిపోయాక తనేం చేస్తుంది అని. ఆ పూట ప్రసంగం తర్వాత రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారం కూడా ఉంది. ఎలిశబెతు తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. దిమ్మెల వరస కాలవ వైపు బోర్లా పడి ఉంది. రెండు ట్రక్కుల ఇసుక పల్లంలోని యెహోషువ నారుమడి మీద పరుచుకుంది. మోటారు ఇంకా నీళ్లు పోస్తూనే ఉంది.

"నా నారు!" అన్నాడు వెనకే వచ్చిన యెహోషువ.

"ముందు మోటారు ఆపండి." ఆమె మేస్త్రి వైపు తిరిగింది. "ఎవరినడిగి పోసినావు?"

"అన్న చెప్పినాడక్కా."

"నేల అన్నదా, నాదా?"

సోమవారం ఆమే గడ్డపార పట్టింది. ఆమెతో నాట్లకు పోయే రోజా సాయం వచ్చింది. ఇద్దరూ వాలును మూడు వెడల్పాటి మెట్లుగా తవ్వారు. అలా చేస్తే పైన పోసింది జారదు. కింది అంచున పెద్ద రాళ్లు లోపలికి వాల్చి పేర్చారు. ఎర్ర గ్రావెల్ జానెడు మందాన పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ జానెడు పరిచారు. పై వైపు వాన నీళ్లు పక్కకి మళ్లడానికి చిన్న కాలవ తీశారు.

"షెడ్డుకా వదినా, శ్రీహరికోట రాకెట్టుకా?" అన్నాడు యెహోషువ నారుమడిలో ఇసుక ఎత్తుకుంటూ.

"రాకెట్టయితే ఎగిరిపోతది మామా. ఇది పోదు," అంది రోజా.

బుధవారం సాయంత్రానికి మట్టం కుదిరింది. పైన నాలుగంగుళాల కంకర పడింది.

గురువారం పొద్దున వాన రెండు గంటలు దంచింది. ఎలిశబెతు గోనెసంచి నెత్తిన వేసుకుని అక్కడే నిలబడింది. పై నుంచి వచ్చిన ఎర్రనీళ్లు ఆ చిన్న కాలవలో పడి చుట్టూ తిరిగి పోయాయి. రాళ్ల సందుల్లోంచి కారిన నీళ్లు తేటగా ఉన్నాయి, మన్ను కొట్టుకురాలేదు. వాన తగ్గాక మేస్త్రి వచ్చి కింది మూలలో గడ్డపార గుచ్చాడు. వేలెడు కూడా దిగలేదు. గడ్డపార పక్కన పెట్టాడు.

"దిమ్మిస ఇటియ్యక్కా. ఈ అంచు నేను కొడతా."

"కొట్టు. ఈసారి అన్నని అడగొద్దు."

శుక్రవారం లారీ రాగానే యెహోషువ తన వాకిలి వైపు చెయ్యి ఊపాడు. డ్రైవరు అటు తిప్పబోయాడు. ఎలిశబెతు బండికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"నీ చీటీలో పేరు ఎవరిదయ్యా?"

డ్రైవరు కాగితం చూశాడు. "ఎలిశబెతమ్మది."

"అయితే వెనక్కి రా, ఈ పక్కకి."

మర దించడానికి ఆరుగురు మనుషులకు గంటంపావు పట్టింది. శనివారం రేకులు వేశారు. సోమవారం పిండి పట్టించుకోవడానికి పదకొండు మంది వచ్చారు.