మునిగితే పాస్

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకు పాఠాలు అర్థం కాలేదు. రెండోసారి మాస్టారికి నేను అర్థమయ్యాను. బెంచీ ఇంకెవరికైనా పనికొస్తుందని ఇంటికి పంపేశారు.

అప్పటినుంచి చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో దూది మోస్తూ ఉన్నాను. రెండువేల సంవత్సరం దాటాక, బ్రాడీపేటలో ఒక వృత్తి కాలేజీ వాళ్ళు ఆస్పత్రి దూది, గాజుగుడ్డ తయారుచేసే పని నేర్పుతున్నారని తెలిసింది. సర్టిఫికెట్లు అడగరట, తెలుగు చదవగలిగితే చాలట. ఆఖరి పరీక్ష నెగ్గితే హైవే మీద కొత్త ఫ్యాక్టరీలో టెక్నీషియన్ ఉద్యోగం. మిల్లు దుమ్ముకి అప్పటికే దగ్గు పట్టుకుంది. ఆ ఉద్యోగం నాకు కావాలి.

అక్కడ మొదటి పాఠం బట్టలు మార్చుకోవడం. తెల్లకోటు, టోపీ, మూతికి గుడ్డ. అద్దం ముందు నిలబడితే నాలో కళ్ళు మాత్రమే మిగిలాయి. అవి మా అన్న కళ్ళు.

అన్న ఒక ఎండాకాలం మిరపకాయల బస్తాలు లారీకెత్తి, ఆ ఘాటుకి ఒళ్ళంతా మండుతుంటే సాగర్ కాలువలో దిగాడు. నేను గట్టు మీద అతని చొక్కా పట్టుకుని కూర్చున్నాను. "మునిగాడ్రా" అన్నారెవరో. మర్నాడు కిందూళ్ళో "తేలాడు" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ రెండు మాటలూ లేవు. మూకుట్లో గారెలు తేలితే అమ్మ "పైకొచ్చినయ్, తియ్" అనేది. బావిలో చేద మునిగితే "నిండింది, లాగు" అనేది.

కాలేజీలో మేడం చెప్పారు: పచ్చి దూదికి మైనంలాంటి జిడ్డుంటుంది, నీళ్ళు పట్టదు. ఉడికించి ఆ జిడ్డు వదలగొడితేనే గాయం మీద నెత్తురు పీలుస్తుంది. వదిలిందో లేదో తెలియాలంటే, చిన్న తీగబుట్టలో దూది పెట్టి గాజుపాత్రలోని నీళ్ళ మీద వదలాలి.

"మునిగితే పాస్, తేలితే ఫెయిల్. అంతే," అన్నారు.

"మా బళ్ళో తిరగేసి చెప్పారండీ," అన్నాను.

క్లాసంతా నవ్వింది. నేను చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాను.

నా వంతు వచ్చినప్పుడు బుట్ట వదిలాను. దూది కాస్త ఆగింది. అంచులు తడిసి రంగు మారాయి. తర్వాత చప్పుడు లేకుండా కిందికి వెళ్ళసాగింది. నేను చెప్పకుండానే నా చెయ్యి నీళ్ళలోకి పోయి దాన్ని బయటికి లాగేసింది.

పక్కన అద్దంకి నుంచి వచ్చినవాడు, పరుపులు కుట్టేవాళ్ళ ఇంటివాడు, నా వైపు వంగాడు. "ఏరా, దానికి ఈత రాదనా?"

అతనికేం తెలుసు. నేనూ నవ్వాను. తర్వాత కూడా, నీళ్ళ ముందు నిలబడినప్పుడల్లా నా చెయ్యి అదే పని చేసింది.

ఆఖరి పరీక్ష రోజున చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. బుట్ట అడుక్కి చేరింది.

"ఏమైంది?" అన్నారు మేడం.

"దిగిందండీ."

"దిగడానికి అదేమన్నా అద్దంకి బస్సా? రేపు ఫ్యాక్టరీలో కూడా ఇట్లాగే చెప్తావా? మునిగిందా, తేలిందా? ఏదో ఒకటి చెప్పు. లేకపోతే పక్కకి జరుగు."

గాజులోంచి దూది కనిపిస్తూనే ఉంది. పైన నీళ్ళు కదలడం లేదు. కాలువ కూడా ఆ పూట ఇలాగే ఉంది, ఏమీ జరగనట్టు.

"మునిగిందండీ," అన్నాను. మూతిగుడ్డ లోపల ఆ గొంతు నాది కాదనిపించింది.

"పాస్. తర్వాతెవరు?"

ఆ సాయంత్రం అమ్మ అన్నం పెడుతుంటే ఉద్యోగం వచ్చిందని చెప్పాను. ఏం పరీక్ష పెట్టారని అడిగింది.

"నీ ముందు అనకూడని మాట ఒకటుందిగా. అది నాచేత అనిపించడానికే అంత దూరం పిలిచారు. అనేసి వచ్చా," అన్నాను, నవ్వుతూనే.

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నా ముందు అనకూడదని నేనెప్పుడు చెప్పాన్రా? అది చెవిన పడ్డ రోజల్లా నిద్దట్లో వాణ్ణి పిలుస్తావని, నేనే నోరు కట్టుకున్నా."