పెద్దయ్యకు కట్టిన బాణీ

ప్రతి ఆదివారం చర్చిలో క్షమించమని చెబుతారు. నేను ముందు వరుసలో కూర్చుని తల ఊపుతాను. ఇంటికొచ్చాక మా ఆటల సంఘం అధ్యక్షుణ్ణి మాత్రం క్షమించను. ఆయన దగ్గర చాలాకాలం కార్యదర్శిగా పనిచేశాను. ఏ ఆట సంఘమో చెప్పను. చెబితే నంద్యాలలో టీకొట్టు దగ్గర నిలబడ్డవాడికి కూడా ఆయనెవరో తెలిసిపోతుంది.

కార్యదర్శి అంటే మైదానంలో సున్నంతో గీతలు గీయించేది నేనే, రిఫరీల అలకలు తీర్చేది నేనే, ఆడపిల్లల జట్లకు బస్సులు మాట్లాడేది నేనే. అధ్యక్షుడు వచ్చి దండ వేయించుకుంటాడు. ఆళ్లగడ్డ దగ్గర మా ఊరి పెద్ద భూస్వామి కొడుకు ఆయన. నాయన పోయాక ఊళ్లో వాళ్లు ఆయన్ను కూడా 'పెద్దయ్యా' అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా అలా పిలిస్తే చాలు, కారు అద్దం దించి మరీ దండం పెడతాడు.

మా ఇంటి వెనక గదిలో వలలు, బంతులు, పాత జెర్సీల మూటల మధ్య ఒక కీబోర్డు ఉండేది. ఇప్పుడూ ఉంది. తెల్లవారకముందే లేచి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బాణీలు కట్టేవాణ్ణి. కొన్ని చర్చి కుర్రాళ్లకు ఇచ్చాను, నా పేరు బయటపెట్టకూడదని ఒట్టు వేయించుకుని. ఎవరైనా ఇంటికొస్తే మా ఆవిడ నేను సంఘం పనిలో ఉన్నానని చెప్పేది. ఎందుకు దాచానంటే, మైదానంలో నా బతుకంతా గద్దింపు మీద నడిచింది. పాటలు కట్టుకునేవాడి గద్దింపుకు ఎవడు భయపడతాడు?

ఒకసారి నంద్యాలలో బహుమతుల రోజు సినిమా పాటలు వేయడానికి నా ఫోనును మైకుసెట్టుకు కలిపారు. పాట అయిపోయింది, దాని వెనకే నేను కూనిరాగం తీస్తూ రికార్డు చేసుకున్న బాణీ మైదానమంతా వినిపించింది. నేను పరుగెత్తుకెళ్లి ఆపేలోపే అధ్యక్షుడు మైకు అందుకున్నాడు.

"ఏమప్పా సెక్రటరీ, ఆటలు సాలక పాటలు గూడా పెట్టినావా? రా, ఈడికొచ్చి పాడు."

వద్దన్నాను. చెయ్యి పట్టి వేదిక మీదికి లాగాడు. రెండు లైన్లు పాడేసరికి గొంతు జీరపోయింది. నేను శిక్షించిన ఆటగాళ్లు, నేను తిట్టిన రిఫరీలు కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన నా వీపు మీద చరిచి, "బజన సార్" అని పేరు పెట్టాడు. ఆ పేరు గడివేముల దాకా పాకింది. నేను విజిల్ ఊదితే ఎవడో ఒకడు వెనకనుంచి తాళం వేసేవాడు. తిరిగి చూస్తే అందరూ బుద్ధిమంతులే.

నేను నవ్వి ఊరుకున్నాను. లోపల మాత్రం ఊరుకోలేదు. ఆయన ఇంటితో నా లెక్క అంతకుముందే ఉంది.

మా అమ్మ ఆ ఇంటి చేలల్లో కలుపు తీసేది. కలుపుకు పోయిన ఆడవాళ్లలో పాట ఎత్తుకునేది అమ్మే. మిగతావాళ్లు చివరి మాట అందుకునేవాళ్లు. పొద్దు గూకినా ఇంటికి పంపని రైతు మీద అమ్మ ఒక పాట కట్టింది.

సూరీడు దిగిపోయె, పెద్దయ్యా
సాలు మాత్రం తెగదాయె, పెద్దయ్యా
సూరీడికీ కూలిస్తాండావా, పెద్దయ్యా
ఆయప్పను గూడా నిలబెడతాండావే, పెద్దయ్యా

ఇలాంటి పాటలు గట్టు మీద రైతు కనబడగానే ఆగిపోతాయి. అందుకే ఊరంతటికీ తెలిసినా రైతులకు మాత్రం తెలియవు. ఒకనాడు అధ్యక్షుడి నాయన, ఆ ముసలాయన, గట్టు వైపునుంచి కాకుండా కాలవ వైపునుంచి వచ్చాడు. వంగి పాడుతున్న అమ్మ చూసుకోలేదు. ఆ పంటకాలమంతా ఆయన అమ్మను ఎవరూ కలుపుకు పిలవకుండా చెప్పించాడు. మా ఇంట్లో సంగటి ముద్ద చిన్నదైంది. అమ్మ మళ్లీ పాడలేదు. చర్చిలో కూడా పెదవులు కదిపేదే కానీ గొంతు వచ్చేది కాదు. పోయేదాకా అంతే. పాట మాత్రం ఆమెను వదిలి చేను చేనుకూ తిరిగింది, ఎవరు కట్టారో తెలియకుండా.

నంద్యాల జిల్లా అయ్యాక మొదటి పెద్ద పోటీలు ఆళ్లగడ్డలో పెట్టాలనుకున్నాం. జట్లు కవాతు చేసేటప్పుడు మనదంటూ ఒక ట్యూను ఉండాలని అధ్యక్షుడికి బుద్ధి పుట్టింది.

"యాడనుంచైనా మంచోణ్ణి పట్టుకోప్పా. నీ మాదిరి బజనోడు వద్దు," అన్నాడు.

పట్టుకొస్తానన్నాను. మర్నాడే వెనక గదిలో కూర్చున్నాను. అమ్మ బాణీని నెమ్మది చేశాను. కింద డ్రమ్ములు, పైన బాకాలు పెట్టాను. ప్రతి లైను చివరా ఆ ఒక్క మాట పట్టేంత ఖాళీ వదిలి, అక్కడ డ్రమ్ము ఒక్కటే మోగేట్టు చేశాను. విన్నవాళ్లకు రోమాలు నిక్కబొడుచుకునేలా వచ్చింది. అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు.

పోటీలు మొదలైన రోజు మైదానంలో ఒక పక్కంతా ఆటాడే పిల్లల తల్లులే. సగం మంది ఆ రోజు కూలి మానుకుని వచ్చినవాళ్లు. ట్యూను మొదలైంది. అధ్యక్షుడు వేదిక మీద ఛాతీ విరిచి సెల్యూట్ కొట్టాడు. రెండో లైనుకు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో లైను చివర ఖాళీలో ఎవరో అనేశారు, "పెద్దయ్యా" అని. నాలుగో లైనుకు ఆ పక్కనున్న వాళ్లంతా అన్నారు.

ఆయన మొహం వెలిగిపోయింది. సెల్యూట్ దించి రెండు చేతులూ జోడించాడు. వాళ్లు అన్న ప్రతిసారీ అటు తిరిగి దండం పెట్టాడు. దండం పెట్టేకొద్దీ వాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకా గట్టిగా అన్నారు. నేను మైకుసెట్టు పక్కన నిలబడి నవ్వు ఆపుకోలేక బుగ్గ కొరుక్కున్నాను.

ఆ సాయంత్రం ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"యావప్ప కట్టినాడప్పా ఆ ట్యూను? జనం ఎట్ల పిలిచినారో చూసినావా? ఆయప్పను ముగింపు రోజు పిలిపించు, శాలువా కప్పుదాం."

"పిలిపిస్తానన్నా. ఈ ఊళ్లోనే ఉన్నాడు."

అక్కడితో ఆపేస్తే నా పదవి నాకుండేది. ఆయనకు తెలియకుండా ఆయన మీద నవ్వుకుంటూ హాయిగా బతికేవాణ్ణి. కానీ దెబ్బ తగిలినవాడికి ఎవరు కొట్టారో తెలియకపోతే నాకేం తృప్తి? ఆ పాట మాటలతో సహా ఆయన చెవిన పడాలి, అది ఎవరిదో తెలియాలి. నాకు కావలసింది అదే.

ముగింపు రోజు ఆయనే మైకులో పిలిచాడు, ట్యూను కట్టిన కళాకారుడు రావాలని. నేను మెట్లెక్కాను. ఆయన మైకు పక్కకు తిప్పి, "నువ్వెందుకొచ్చినావప్పా, ఆయప్పను పిలువు," అన్నాడు.

"నేనేనన్నా."

శాలువా చేతిలో విప్పి ఉంది, ఎదురుగా ఫోటోలవాళ్లున్నారు. కప్పక తప్పలేదు. నేను మైకు తీసుకున్నాను.

"ఇది నాది కాదు. మాయమ్మది. కలుపు తీస్తా పాడింది. యావ చేన్లో పాడిందో అన్నకు తెలుసు."

పాడాను. గొంతు జీరపోలేదు. మొదటి లైను చివర ఆడవాళ్లు "పెద్దయ్యా" అనగానే ఆయన చేతులు అలవాటుగా లేచాయి. అప్పుడు మాటలు చెవికెక్కాయి. చేతులు జోడించలేదు, దించలేదు, రొమ్ము దగ్గర అలాగే ఉండిపోయాయి. నేను నాలుగు లైన్లూ ఆయన మొహంలోకి చూస్తూ పాడాను. అక్కడే ఆగి, రెండోసారి కూడా పాడాను.

ఆయన మైకు లాక్కున్నాడు. నవ్వడానికి చూశాడు. ఇదంతా మన సెక్రటరీ తమాషా అని మొదలుపెట్టి ఊపిరి తీసుకున్నాడు. ఆ సందులో ఆడవాళ్లు అందుకున్నారు, "పెద్దయ్యా." మా నాయన ఈ ఊరికి ఎంతో చేసినాడని అన్నాడు. మళ్లీ అందుకున్నారు. ఆయన ఏమన్నా వాళ్ల దగ్గర ఒకటే జవాబు. మైకు బల్ల మీద పెట్టి, పిల్లలకు కప్పులు కూడా ఇవ్వకుండా మెట్లు దిగి కారెక్కాడు. కప్పులు నేనే ఇచ్చాను.

ఆ తర్వాత సంఘం సమావేశానికి నన్ను పిలవకుండానే నా చోట ఇంకొకర్ని పెట్టారు. వేరే ఏ సంఘమూ నన్ను గడప తొక్కనివ్వకుండా ఆయన చెప్పించాడని విన్నాను. మైదానం నాకు చాలా ఇష్టం. అది పోయినందుకు బాధ ఉంది, లేదని అబద్ధం చెప్పను.

ఆయన్ను ఇప్పుడు ఎవరైనా 'పెద్దయ్యా' అని పిలిస్తే కారు అద్దం దించడంట. ముందు వాళ్ల మొహంలోకి చూస్తాడంట, నవ్వుతున్నారేమోనని. చూడనీ.