రాజమణి సంతకాలు వెనక్కి రావాలి

ఆదివారం ఉదయం.

రేపు షేర్ మార్కెట్ తెరుస్తారు. అందుకే ఏడుపు పక్కన పెట్టి ఇది మన గల్లీ ఫేస్‌బుక్ పేజీలో ఈ రోజే రాస్తున్నాను.

నిన్న పొద్దున్న మా ఇంటికి పాలు రాలేదు.

గిన్నె గుమ్మంలో పెట్టి, రాజమణి రాగానే నాలుగు తిట్టాలని కూర్చున్నాను. వచ్చింది ఆమె కొడుకు యాదగిరి. చేతిలో పాల క్యాను లేదు.

"టీచరమ్మా, అమ్మ పోయింది" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎక్కడికి పోయిందిరా అని అడిగాను.

నిద్రలోనే గుండె ఆగిందట.

లాల్‌దర్వాజాలో రాజమణి పాలు తాగని ఇల్లు లేదు. మా ఆయన ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి ఈ గల్లీలో దిగిన రోజు, మొదట నా తలుపు తట్టింది ఆమే. బడిలో లెక్కలు చెప్పే నేను ఆమెకు సంతకం నేర్పాను. పలక మీద నెల రోజులు దిద్దింది. సంతకం వచ్చిన రోజు గ్లాసెడు జున్ను తెచ్చింది.

గల్లీ ఇరుకైన కొద్దీ రెండు బర్రెలు ఉంచుకుని మిగతావి ఒక్కొక్కటే అమ్మేసింది. అమ్మినప్పుడల్లా షేర్లు కొన్నది.

"గివి కొట్టం అక్కర్లేని బర్రెలు టీచరమ్మా. పేడ గూడ ఎత్తేది లేదు" అనేది.

ఆ షేర్లు మనవరాలు స్వప్న నర్సింగ్ చదువు కోసం. ఫీజు ఈ నెలలోనే కట్టాలి.

ఇప్పుడు దామోదర్ సంగతి.

మన వీధి చివర షేర్ల దుకాణం దామోదర్‌ది. దీపావళి సాయంత్రం లక్ష్మీపూజ వేళ మార్కెట్ ఒక గంట తెరుస్తారని మీకు తెలుసు. అతను కంప్యూటర్లకు బంతిపూల దండలు వేసి, హారతి ఇచ్చి, రేటు పైకి చదువుతాడు. శుభమని అందరం ఏదో ఒకటి కొంటాం. ఆ పూట బేరం ఆడకూడదు, రేటు మళ్ళీ అడగకూడదు అని మన ఆచారం. అతను ఒక చీటీ రాసిచ్చి, చేతిలో బర్ఫీ డబ్బా పెడతాడు.

ఆ ఆచారమే అతని పెట్టుబడి.

మొన్నటి దీపావళి మర్నాడు రాజమణి చీటీ తీసుకుని సంతోష్‌నగర్ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళాను. ఆ గంటలో ఆ షేరు పలికిన అతి పెద్ద ధర కూడా, ఆమె కట్టిన ధర కంటే తక్కువ. కమీషన్ వేరే రాసి తీసుకున్నాడు కాబట్టి ఆ సాకూ లేదు.

వెళ్ళి అడిగాను. దుకాణం నిండా జనం.

"నెట్ల సూపెట్టేది పావుగంట పాత రేటు టీచరమ్మా! మీరు లెక్కల టీచరు, షేర్ల టీచరు గాదు గద" అన్నాడు. అందరూ నవ్వారు.

"పాతదే అనుకుందాం నాయనా. పావుగంట తరువాతైనా నీ రేటు కనపడాలిగా? ఎక్కడా లేదే!" అన్నాను.

"పండుగనాటి రేటు అడుగుడేందమ్మా? బర్ఫీ తింటిరి, ఇగ లొల్లి ఎందుకు?"

మర్నాడు రాజమణి దుకాణానికి పాలు పోయడానికి వెళ్ళింది.

"గిదేంది అక్కా, లీటరుకు ముప్పావే పోసినవ్?" అన్నాడు దామోదర్.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. మిగిలింది పావుగంటకు కనపడ్తది."

ఆ మాటకు గల్లీ గల్లీ వారం రోజులు నవ్వింది. దామోదర్ వచ్చి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు.

"పోనియ్యి టీచరమ్మా, మనోడే. మస్తు సిగ్గుపడ్డడు" అంది.

"సిగ్గుపడినవాడు డబ్బు తిరిగిస్తాడు రాజమణీ" అన్నాను.

ఇవ్వలేదు. ఆమె క్షమించింది. నేను క్షమించలేదు, క్షమించను.

అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. ఖాతాలోంచి షేర్లు బయటికి పంపాలంటే చెక్కు లాంటి చీటీ మీద సంతకం చేయాలి. అమ్మేటప్పుడు తిరగనక్కర్లేదని చెప్పి, ఆ చీటీల పుస్తకం మొత్తం మీద ఆమె చేత ముందే సంతకాలు పెట్టించుకుని దామోదర్ తన దగ్గరే ఉంచుకున్నాడు. వెనక్కి తెచ్చుకోమని పోరుతూనే ఉన్నాను. "తెస్త, తెస్త" అంటూనే వెళ్ళిపోయింది.

నిన్న సాయంత్రం పురానాపూల్ శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, యాదగిరి నాకు ధైర్యం చెప్పాడు.

"దామోదరన్న మంచోడు టీచరమ్మా. పాడె గూడ మోసిండు. షేర్ల ముచ్చట ఫికర్ చెయ్యకు తమ్మీ, అమ్మ సంతకాలన్నీ నా తాననే ఉన్నయ్, నేను జూస్కుంట అన్నడు."

నేను నేర్పిన సంతకం అది. చనిపోయిన మనిషి చేత రేపు అతను షేర్లు అమ్మిస్తాడు. రేటు మళ్ళీ అతనే చదువుతాడు.

కాబట్టి జరగవలసినవి:

1. యాదగిరీ, డాక్టర్ ఇచ్చిన కాగితం తీసుకుని రేపు నాతో రా. అమ్మ ఖాతా ఉన్న ఆఫీసు తలుపు తీసేసరికి మనం మెట్ల మీద ఉండాలి. మార్కెట్ తెరవకముందే ఖాతా ఆపించాలి.

2. దామోదర్, ఈ పేజీ నువ్వూ చూస్తావని తెలుసు. ఆ పుస్తకం ఈ సాయంత్రం మా అరుగు మీదికి తెచ్చి అందరి ముందు ఇవ్వు. ఒక్క చీటీ తగ్గినా నేను పోలీస్ స్టేషన్‌కు వెళతాను. ఫిర్యాదు రాసి పెట్టాను.

3. దీపావళికి అతని దగ్గర కొన్న ప్రతివారూ చీటీలు తీసుకుని రండి. ఆ రోజు రేట్లు ప్రింట్ తీయించాను. బర్ఫీ తిన్నామని మొహమాటపడవద్దు. తేడా పైసలతో సహా కక్కిస్తాను.

4. పదో రోజుకు దామోదర్ వస్తే ఎవరూ గొడవ చేయవద్దు. చాయ్ ఇవ్వండి, ముప్పావు గ్లాసు. మిగిలింది పావుగంటకు కనపడుతుందని చెప్పండి.

5. రాజమణీ, నువ్వు చేయవలసింది ఏమీ లేదు. చీకటితో లేవనక్కర్లేదు. గుమ్మంలో గిన్నె నేను లోపల పెట్టుకున్నాను. నిశ్చింతగా పడుకో తల్లీ.