మామ ఒప్పుకున్న రోజు

ఈ రోజు తిరుపతి ఆసుపత్రిలో బరువు చూసే మిషన్ ఎక్కబోతూ నాయన చొక్కా విప్పేశాడు. నర్సు నవ్వింది. నాకు మాత్రం చిత్తూరులోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

నాయన బాక్సర్. సన్నటి మనిషి, తక్కువ బరువు విభాగంలో ఆడేవాడు. తూకంలో చొక్కా బరువు కూడా లెక్కే కదా! పోటీ దగ్గర పడితే పస్తుండేవాడు. తిరగమాత వాసన తగిలితే ఆయనకు ఆకలి ఆగదని, ఆ రోజుల్లో అమ్మ పొయ్యి మీద నూనే పెట్టేది కాదు. మా వీధి నేస్తాల్లారా, మా ఇంటి చప్పిడి పప్పు గుర్తుందా? గుమ్మం పక్కన మేకుకు వేలాడే గ్లౌజుల చెమట వాసన? అవి ఏమైపోయాయో ఇప్పుడు ఎవరికీ తెలీదు.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, హెవీవెయిట్. ఆయన వస్తే ఇద్దరికీ ఒకటే వాదన, ఎవరు గొప్ప అని.

"నేనొకటిస్తే యాడ పడతావో సూసుకో బావా!"

"బరువు పక్కన పెట్టి సూడప్పా. ఇద్దరం ఒకే తూకముంటే నా ముందర నిలబడతావా నువ్వు?"

మామ ఏనాడూ ఒప్పుకోలేదు.

ఈ రోజు మిషన్ ముల్లు పోయిన వారం కంటే ఇంకా కిందే ఆగింది. పక్కనే ఉన్న మామ నాయన భుజం పట్టుకున్నాడు.

"నువ్వే గొప్పోడివి బావా. ఒప్పుకుంటా ఉండాను."

నాయన చొక్కా చేతిలో పట్టుకుని మామ ముఖంలోకి చూశాడు.

"అయితే నాకు శానా బాగలేదన్నమాట" అన్నాడు.